బొమ్మా? పిల్లాడా?: యుద్ధం ఫొటోల మీద నాలుగు మాటలు

(ఒక తెలుగు దినపత్రికలో ఫొటోగ్రాఫర్‌గా చేరి, ఫొటో డెస్కులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన జర్నలిజం విద్యార్థులతో మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలడుగుతానని భయమా? అడుగుతాను. వెనకున్నా అడుగుతాను.

మీవాళ్ళు పాపం పొద్దున్నుంచీ కష్టపడి ప్రొజెక్టర్ బిగించారు. కానీ నేనివాళ తెర మీద ఒక్క ఫొటో కూడా చూపించను. ఎందుకంటే నేను చెప్పబోయేవి దాదాపు అన్నీ శవాల ఫొటోలు. ఆ చనిపోయినవాళ్ళెవరూ మన హాల్లో తెర మీదకి రావడానికి ఒప్పుకోలేదు. మాటల్లోనే చెప్తాను. తర్వాత కావాలంటే ఫోన్లో వెతుక్కోండి. భోజనానికి ముందు మాత్రం వద్దు.

మా ఇంట్లో జరిగిన గొడవతో మొదలుపెడతాను. మాకో ఫ్యామిలీ గ్రూపు ఉంది. మీకూ ఉంటుంది, లేనివాళ్ళు చేతులెత్తండి. చూశారా, ఒక్క చెయ్యి లేవలేదు. మా గ్రూపులో పొద్దున్నే పూల బొమ్మతో శుభోదయం, మధ్యాహ్నం ఎవరిదో పుట్టినరోజు, రాత్రికి షుగరు తగ్గే కషాయం. 2023 అక్టోబరులో, గాజా యుద్ధం మొదలైన కొత్తల్లో, డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు ఒక వీడియో పెట్టాడు. తెల్లగుడ్డలో చుట్టిన చిన్న పిల్లాడు. కింద ఒక్క మాట: "ఇది బొమ్మ, మోసపోకండి." ఐదు నిమిషాల్లో హైదరాబాదు నుంచి మా తమ్ముడి కూతురు: "బావా, నీకు కళ్ళున్నాయా?" ఇక మొదలు. వాడు మొహం చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి పంపిస్తాడు, చర్మం ప్లాస్టిక్‌లా మెరుస్తోంది చూడు అంటాడు. ఇది ఇంకో వైపు నుంచి తీసిన ఫొటో పంపిస్తుంది. రాత్రి పదకొండున్నరకి మా అక్క "ఇద్దరూ నోరు మూసుకుని పడుకోండి" అని పెట్టింది. అప్పుడు ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. ఇన్నేళ్ళు ఫొటోలతోనే బతికారు కదా, మీరు చెప్పండి, బొమ్మా, పిల్లాడా?

పిల్లాడే. నాలుగేళ్ళవాడు. బొమ్మ అన్నది ఎవరో ఊరూ పేరూ లేనివాళ్ళు కాదు, ఇజ్రాయెల్ ప్రభుత్వపు అధికారిక ఖాతాలోనే ఆ మాట వచ్చింది. తర్వాత తీసేశారు. ఆ ఆసుపత్రి దగ్గర ఫొటోలు తీసినవాళ్ళు మేం చూశాం, నిజం పిల్లాడే అని చెప్పారు. బీబీసీ కూడా ఆరా తీసి ఆ మాటే చెప్పింది. అయినా ఆగిందా? డిసెంబరులో ఇంకో పసివాడి మీద ఇదే మాట. ఐదు నెలల బిడ్డ. ఈసారి జెరూసలేం పోస్ట్ పత్రిక అది బొమ్మ అని వార్తే రాసింది, తర్వాత వెనక్కి తీసుకుంది.

ఇక్కడ ఆపేస్తే మీరు నన్నొక పక్షంలో కట్టేస్తారు. ఆగండి. అదే వారం, అదే అక్టోబరులో, ఇజ్రాయెల్ ప్రధాని కార్యాలయం కాలిపోయిన పసికందు ఫొటో ఒకటి బయటపెట్టింది. హమాస్ దాడిలో చనిపోయిన బిడ్డ అని. దాన్ని ఎవరో ఉచితంగా దొరికే ఒక ఏఐ గుర్తించే టూల్లో వేశారు. అది "ఏఐ తయారుచేసింది" అని తేల్చేసింది. అంతే, ఫేక్ ఫేక్ అని లోకమంతా పాకింది. పైగా ఇంకొకడెవడో ఆ ఫొటోలో బిడ్డ ఉన్నచోట కుక్కపిల్లను అతికించి, ఇదిగో అసలు ఫొటో అని వదిలాడు. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో హనీ ఫరీద్ అని డిజిటల్ ఫొటోల పరీక్షలో పేరున్న ప్రొఫెసరు ఉన్నారు. ఆయన చూసి, ఏఐ తయారుచేసిన ఆనవాళ్ళేమీ కనిపించలేదు అన్నారు. అప్పటికే కుక్కపిల్ల చాలా దూరం వెళ్ళిపోయింది.

మా మేనల్లుడికి మొదటిది బొమ్మ, రెండోది నిజం. మా తమ్ముడి కూతురికి మొదటిది నిజం, రెండోది ఏఐ. ఇద్దరూ ఇంజినీర్లే. ఇద్దరికీ కళ్ళజోడు కూడా లేదు. నేనేమంటానంటే, ఆ రాత్రి ఇద్దరిలో ఎవరూ ఫొటో చూడలేదు. ఫొటో కింద ఎవరి పేరుందో అది చూశారు.

సరే. అసలు "సెట్ చేసి తీశారు" అంటే ఏమిటి? ఈ మాట తెలిసినట్టే ఉంటుంది. నాకు తెలుసు, ఎందుకంటే నేను తీశాను. అలా చూడకండి. చెప్తాను.

1996 నవంబరు. కోనసీమ తుపాను. మీలో చాలామంది పుట్టలేదు, మీ అమ్మానాన్నల్ని అడగండి. నేను రెండో రోజుకి వెళ్ళగలిగాను, రోడ్ల మీద చెట్లు కోసుకుంటూ దారి చేస్తున్నారు. ఒక ఊళ్ళో కొబ్బరితోట. తోట అంటే ఇప్పుడు తోట లేదు, అన్నీ ఒకే వైపుకి తల వంచి పడుకున్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. ఆ పడిపోయిన మానుల్లో ఒకదాని మీద రైతు కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్ళుంటాయి. ఊరికే కూర్చున్నాడు. ఏడవడం లేదు, తల పట్టుకోలేదు. కత్తి ఒకటి పక్కన పెట్టుకుని అలా కూర్చున్నాడు. ఒక ఫ్రేము తీశాను. నాకు నచ్చలేదు. డెస్కులో ఏమంటారో నాకు తెలుసు: "ఏంటయ్యా, తుపానులో సర్వం పోయినవాడిలా లేడే, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టున్నాడు."

అందుకని అడిగాను. "కాస్త తల మీద చెయ్యి పెట్టుకుంటారా?" అని. ఆయన నా వంక చూసి, "ఏ చెయ్యి అండీ?" అన్నాడు. అంత మర్యాదగా. కుడి చెయ్యి అన్నాను. పెట్టుకున్నాడు. "ఎటు చూడమంటారండీ?" అన్నాడు. కిందకి చూడమన్నాను. చూశాడు. రెండో ఫ్రేము. మర్నాడు ఆ రెండోదే పేజీలో పైన పడింది. మంచి ఫొటో అని ఆఫీసులో అందరూ భుజం తట్టారు.

అది అబద్ధమా? ఆయన తోట పోయింది, నిజం. కొబ్బరి మళ్ళీ కాపుకి రావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో మీకు తెలుసు. ఆయన సర్వం పోగొట్టుకున్నాడు, అదీ నిజం. తల మీద చెయ్యి ఒక్కటే నాది. మన పత్రికల్లో తల పట్టుకున్న రైతులు ఎంతమందో లెక్క తీయండి ఒకసారి. అందరికీ ఒకే రకంగా తలనొప్పి వస్తుందా?

ఈ కథలో మూడో ఫ్రేము ఒకటి ఉంది. దాని సంగతి తర్వాత.

లక్నో ఎముకలు

ఇదేమీ కొత్త రోగం కాదు. మన దేశంలోనే, కెమెరా వచ్చిన తొలిరోజుల్లోనే ఉంది. లక్నోలో సికందర్ బాగ్ అని నవాబుల తోట, చుట్టూ ఎత్తైన గోడ. 1857 నవంబరులో అందులో ఉన్న సిపాయిలను బ్రిటిష్ సైన్యం చుట్టుముట్టి చంపింది. రెండువేల మంది అని అప్పటి లెక్క. ఫెలీచె బెయాటో అనే ఫొటోగ్రాఫర్ అక్కడికి చేరేసరికి 1858 వసంతం. అంటే నాలుగైదు నెలల తర్వాత. ఆయన తీసిన ఫొటోలో వెనక కూలిన భవనం, ముందు ముంగిలి నిండా పుర్రెలు, ఎముకలు. వాటి మధ్య నలుగురు మనుషులు, ఒక గుర్రం. క్యాప్షన్లో మాత్రం "రెండువేల మంది తిరుగుబాటుదారులను వధించాక" అని ఉంటుంది, నిన్ననే జరిగినట్టు.

నాలుగు నెలల తర్వాత ఎముకలు ముంగిట్లో ఎందుకున్నాయి? అప్పట్లో అక్కడున్న బ్రిటిష్ అధికారి ఒకాయన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు: శవాల మీద మట్టి కప్పేశారట, ఫొటోగ్రాఫరు వచ్చి మళ్ళీ తీయించమని పట్టుబట్టాడట. తీయించారు. కెమెరా కోసం.

ఇప్పుడు చెప్పండి, ఆ ఫొటో నిజమా, ఫేకా? ఎవరైనా? ...ఫేక్ అంటున్నారు అక్కడ. సరే. మరి అక్కడ మనుషుల్ని చంపలేదా? చంపారు కదా. ఎముకలు నిజం, పరిచిన తీరు అబద్ధం. ఇంకో సంగతి. దాన్ని దాచుకోవడానికి తీయలేదు, గర్వంగా అమ్ముకోవడానికి తీశారు. ఇవాళ మనం అదే ఫొటోని వాళ్ళు చేసిన ఘోరానికి సాక్ష్యంగా చూస్తున్నాం. ఫొటో ఒక్కటే, చూసే కన్ను మారింది.

అంతకు మూడేళ్ళ ముందు, 1855లో, క్రిమియా యుద్ధంలో రోజర్ ఫెంటన్ అనే ఇంగ్లీషాయన ఒక లోయ ఫొటోలు రెండు తీశాడు. ఒకదాంట్లో రోడ్డు ఖాళీగా ఉంది, రెండోదాంట్లో రోడ్డు మీద ఫిరంగి గుళ్ళు దొర్లి ఉన్నాయి. ఏది ముందు, ఏది తర్వాత? నూట యాభై ఏళ్ళ తర్వాత ఎరల్ మోరిస్ అనే డాక్యుమెంటరీ దర్శకుడు దీని కోసం క్రిమియా దాకా వెళ్ళొచ్చాడు. ఎలా తేలిందో తెలుసా? గుళ్ళు చూసి కాదు. పక్కన గట్టు మీద చిన్న చిన్న రాళ్ళు చూసి. రెండో ఫొటోలో ఆ రాళ్ళు కాస్త కిందికి జారి ఉన్నాయి. మనుషులు తొక్కితే రాళ్ళు కిందికే జారతాయి కానీ పైకి ఎక్కవు కదా. అంటే ఖాళీ రోడ్డు ముందు, గుళ్ళ రోడ్డు తర్వాత. నాకు ఈ కథంటే ప్రాణం. అందరూ గుళ్ళ మీద కొట్టుకుంటుంటే జవాబు గులకరాళ్ళ దగ్గరుంది.

ఫొటోగ్రాఫరు నోటి మాట కూడా నమ్మడానికి లేదండోయ్. ఇవో జిమా దీవి మీద అమెరికన్ సైనికులు జెండా ఎత్తుతున్న ఫొటో మీరందరూ చూసే ఉంటారు. 1945 ఫిబ్రవరి. జో రోజెంతాల్ తీశాడు. ఆ తర్వాత వాళ్ళందరినీ జెండా కింద నిలబెట్టి, కేకలు వేయించి ఇంకో గ్రూపు ఫొటో తీశాడు. ఫిల్ము పంపించేశాడు. కొన్నాళ్ళకి ఎవరో వచ్చి "ఆ ఫొటో పోజు పెట్టించిందేనా?" అనడిగారు. ఏ ఫొటో పేలిందో ఆయనకి తెలీదు, ఆ గ్రూపు ఫొటో గురించే అనుకుని "అవును" అనేశాడు. ఆ ఒక్క అవును ఆయన్ని బతికినన్నాళ్ళూ వదల్లేదు.

ఇక రాబర్ట్ కాపా. స్పెయిన్ అంతర్యుద్ధం, 1936 సెప్టెంబరు, గుండు తగిలి వెనక్కి పడిపోతున్న సైనికుడు. మా తరం ఫొటోగ్రాఫర్లకి దేవుడి పటం లాంటిది. దాని మీద 1970ల నుంచీ గొడవే. 2009లో ఒక స్పానిష్ ప్రొఫెసరు అదే వరసలో తీసిన వేరే ఫొటోల్లో వెనక కనిపిస్తున్న కొండలు పట్టుకున్నాడు. అవి ఆ ఫొటో తీశారని అందరూ నమ్మిన సెర్రో మురియానో కొండలు కావు, యాభై కిలోమీటర్ల దూరంలో ఎస్పెహో అనే ఊరివి. ఆ రోజుల్లో ఎస్పెహో దగ్గర పోరాటమే లేదంటారు. నా మట్టుకు నాకు అది పోజు పెట్టించిందే అనిపిస్తుంది. చెప్పడానికి బాధగా ఉంది, అయినా అంతే. అలాగని స్పెయిన్‌లో ఫ్రాంకో జనాన్ని చంపలేదంటామా? కాపా ఎక్కడికీ వెళ్ళకుండా ఇంట్లో కూర్చున్నాడంటామా? ఆయన 1954లో ఇండోచైనాలో మందుపాతర మీద కాలేసి పోయాడు.

కెమెరా ఉంది కాబట్టే చంపారా?

దీనికన్నా కష్టమైనది ఒకటుంది. దీని గురించి మాట్లాడటం నాకు అంత సులువు కాదు.

1971 డిసెంబరు 18, ఢాకా. పాకిస్తాన్ సైన్యం లొంగిపోయి రెండు రోజులు. విజయసభ. బంగ్లాదేశ్ కోసం పోరాడిన ముక్తివాహిని వాళ్ళు నలుగురిని పట్టుకొచ్చారు, పాకిస్తాన్ వైపు పనిచేసినవాళ్ళని. చుట్టూ జనం, చుట్టూ విదేశీ ఫొటోగ్రాఫర్లు. కొట్టారు, కొట్టారు, చివరికి బాయొనెట్లతో పొడిచి చంపారు. హార్స్ట్ ఫాస్, మిషెల్ లోరాన్ అక్కడే ఉండి ఫొటోలు తీశారు. 1972లో ఆ ఫొటోలకి పులిట్జర్ వచ్చింది. కానీ ఆ రోజు మిగతా ఫొటోగ్రాఫర్లలో కొందరు మధ్యలోనే వెళ్ళిపోయారు. ఎందుకు? మేం ఇక్కడ ఉన్నాం కాబట్టే వీళ్ళు ఇది చేస్తున్నారు, మేం వెళ్ళిపోతే ఆపుతారేమో అని.

ఇప్పుడు ఇది సెట్ చేసిందా? నెత్తురు నిజం, చావు నిజం, తీసినవాడు ఎవరికీ ఏమీ చెప్పలేదు. అయినా ఆ మైదానం ఒక వేదికలాగే ఉంది, మనుషులు కెమెరా కోసమే నిలబడ్డారు. వెళ్ళిపోయినవాళ్ళది రైటా, ఉండిపోయినవాళ్ళది రైటా? నన్నడగొద్దు. ఉండకపోతే ఆ చావులు జరిగాయని మనకు తెలిసేది కాదు. ఉండటం వల్ల జరిగాయేమో, అదీ తెలీదు. నేనుంటే ఏం చేసేవాణ్ణో కూడా నాకు తెలీదు. రీలు మార్చుకునేవాణ్ణేమో.

ఇంకొక్కటి చెప్పి ఆన్‌లైన్ రోజుల్లోకి వస్తాను. 1989 డిసెంబరు, రొమేనియా, తిమిషోవారా. అక్కడి నియంత చౌషెస్కు పడిపోతున్న రోజులు. ప్రపంచమంతా టీవీల్లో ఒక దృశ్యం చూసింది: తవ్వి తీసి వరసగా పడుకోబెట్టిన శవాలు, కుట్లు వేసి ఉన్నాయి, ఒక స్త్రీ మీద పసిబిడ్డ. వేలమందిని చంపారు, ఇదిగో సాక్ష్యం అన్నారు. తర్వాత తేలిందేమిటంటే, అవి పేదవాళ్ళ శ్మశానంలోంచి తవ్వినవి. ముందే జబ్బులతో చనిపోయినవాళ్ళు. ఆ కుట్లు పోస్టుమార్టం కుట్లు. ఆ స్త్రీకి, ఆ బిడ్డకి ఏ సంబంధమూ లేదు. అంటే ఫేక్, నూటికి నూరుపాళ్ళు. కానీ వినండి. ఆ ఊళ్ళో కాల్పులు నిజంగానే జరిగాయి. చనిపోయినవాళ్ళలో నలభైమందికి పైగా శవాల్ని పోలీసులే ఆసుపత్రి నుంచి దొంగతనంగా బుకారెస్ట్ తీసుకెళ్ళి, కాల్చి, బూడిద మురుగు కాలవలో కలిపేశారు. అసలు శవాలు బూడిదైపోయాయి, చూపించడానికి వేరే శవాలు తెచ్చారు. ఆ నాటకం బయటపడ్డాక ఏమైంది? "అసలు అక్కడ ఏమీ జరగలేదట" అనేవాళ్ళు బయల్దేరారు. నిజంగా చచ్చిపోయినవాళ్ళు రెండుసార్లు మాయమయ్యారు.

మంచినీళ్ళు ఇస్తారా కొంచెం? ...థాంక్సమ్మా.

2006కి వద్దాం. లెబనాన్ యుద్ధం. అప్పటికి బ్లాగులు వచ్చాయి. ఆగస్టులో రాయిటర్స్ అనే వార్తా సంస్థకి ఫొటోలిచ్చే ఫ్రీలాన్సర్ ఒకడు బైరూత్ మీద బాంబు దాడి ఫొటో పంపాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పూ ఉంది, పొగా ఉంది, ఆయనకి పొగ చాల్లేదు. ఫొటోషాప్‌లో క్లోన్ టూలు తీసుకుని అదే పొగని పక్కపక్కనే అచ్చు గుద్దాడు. ఇడ్లీల్లాగా ఒకే ఆకారంలో గుండ్రాలు. బ్లాగర్లు పట్టుకున్నారు. నిజంగా మెచ్చుకోవాలి, డెస్కులో కూర్చున్న మావాళ్ళు చూడలేనిది వాళ్ళు చూశారు. రాయిటర్స్ ఆయన ఫొటోలు 920 వెనక్కి తీసుకుంది.

ఇక అక్కడి నుంచి అందరికీ భూతద్దాలు వచ్చాయి. అంతకు వారం ముందే ఖానా అనే ఊళ్ళో ఇజ్రాయెల్ బాంబు పడి 28 మంది పోయారు, అందులో 16 మంది పిల్లలు. సహాయ సిబ్బంది పిల్లల శవాల్ని ఎత్తుకుని బయటికి తెస్తున్న ఫొటోలు. బ్లాగుల్లో లెక్కలు మొదలయ్యాయి: ఈ ఫొటో పొద్దున ఏడున్నరకి, అదే బిడ్డ ఇంకో ఫొటోలో పదిన్నరకి, మూడు గంటలు శవాన్ని పట్టుకుని తిరిగారా, ఇదంతా డ్రామా! వినడానికి పక్కాగా ఉంది కదా? మరి ఆ టైములేమిటి? అవి షట్టర్ నొక్కిన టైములు కావు. ఏజెన్సీలు ఫొటోని తమ సర్వీసులోకి వదిలిన టైములు. నేను డెస్కులో పనిచేశాను కాబట్టి తెలుసు. మధ్యాహ్నం మూడింటికి తీసిన ఫొటో కన్నా ఐదింటికి తీసింది ముందొచ్చిన రోజులున్నాయి. ఫొటో పంపడానికి లైను దొరికినవాడిది ముందు, దొరకనివాడిది వెనక. ఆ ఒక్క ముక్క తెలియక ఎన్ని పేజీల పరిశోధన! అలాగని అక్కడ కెమెరాల ముందు కాస్త ఎక్కువసేపు నిలబడటం అసలు లేదా అంటే, ఉందనే అనుకుంటాను. బిడ్డ శవాన్ని లోకానికి చూపించాలని ఎవరైనా అనుకుంటే ఆశ్చర్యమేముంది? అది వేరు, బిడ్డ చావలేదనడం వేరు. గొడవంతా ఈ రెంటినీ కలిపి కలగాపులగం చెయ్యడంలో ఉంది.

2013లో పాల్ హాన్సెన్ అనే ఫొటోగ్రాఫర్‌ది ఇంకో రకం. గాజాలో ఇద్దరు చిన్నపిల్లల అంత్యక్రియలు, ఇరుకు సందులో మోసుకెళ్తున్న మగవాళ్ళు, గోడల మీద నుంచి ఎండ. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో మొదటి బహుమతి. వెలుతురు మరీ సినిమాలా ఉందని ఒక కంప్యూటర్ నిపుణుడు ఇది మూడు ఫొటోలు అతికించిందే అన్నాడు. బహుమతి ఇచ్చినవాళ్ళు రా ఫైలు, అంటే కెమెరాలో పడ్డ దిద్దని ఫొటో, తెప్పించి, వేరే నిపుణులకిచ్చి చూపించారు. ఒకటే ఫొటో, అతుకు లేదు. రంగు, వెలుతురు మాత్రం బాగా దిద్దాడు. నాకైతే అంత దిద్దడం నచ్చలేదు. పిల్లల శవాలకి మేకప్ ఎందుకు? కానీ నచ్చకపోవడం వేరు, ఫేక్ అనడం వేరు.

ఆ అమ్మాయి చెయ్యెత్తింది. అడగమ్మా. ...వినపడిందా అందరికీ? "ఇన్ని కథలు చెప్పారు, మరి ఫోన్లో ఫొటో వస్తే మేం ఎలా కనిపెట్టాలి?" అంటోంది. మంచి ప్రశ్న. బూచాతో చెప్తాను.

ఉక్రెయిన్‌లో బూచా, కీవ్ పక్క ఊరు. 2022 మార్చి చివర్లో రష్యా సైన్యం వెళ్ళిపోయింది. ఏప్రిల్ మొదట్లో కారులోంచి తీసిన వీడియో వచ్చింది, యాబ్లున్స్కా వీధి పొడుగునా శవాలు. రష్యా ఏమంది? మేం వెళ్ళాక ఉక్రెయిన్ వాళ్ళు తెచ్చి పడుకోబెట్టారు, నటులు. సాక్ష్యం: కారు దాటిపోతుంటే ఒక శవం చెయ్యి కదిలింది! ఇంకో శవం అద్దంలో లేచి కూర్చుంది! లక్షలమంది అదే ముక్కని స్లో మోషన్‌లో తిప్పి తిప్పి చూశారు. ఆ వీడియోని పెద్ద సైజులో, మంచి క్వాలిటీలో చూస్తే కనపడుతుంది: కదిలింది చెయ్యి కాదు, కారు ముందు అద్దం మీద నీటిబొట్టు. లేచి కూర్చున్నది శవం కాదు, సైడు మిర్రర్‌లో వంకర. మన బస్సు అద్దంలో వెనకున్న ఇళ్ళు వంగినట్టు కనిపించవూ? అంతే.

ఇక గులకరాళ్ళు ఎక్కడున్నాయి? ఆకాశంలో. శాటిలైట్ ఫొటోల్లో. మార్చి నెల మధ్యలో, రష్యా సైన్యం ఇంకా ఊళ్ళో ఉన్నప్పుడే, అదే వీధిలో, అవే చోట్ల నల్లటి ఆకారాలు ఉన్నాయి. వీడియోలో శవాలున్న చోటికి సరిగ్గా సరిపోయాయి. వారాల తరబడి అలాగే పడి ఉన్నాయి.

అందుకని అమ్మా, నువ్వు శవం మొహంలోకి చూసి నిజమా అని తేల్చుకోకు. ఎవరికీ తేలదు, డాక్టరుకి కూడా. పక్కన చూడు. షాపు బోర్డు మీద ఏ లిపి ఉంది, నీడ ఎటు పడింది, మనుషులు స్వెట్టర్లు వేసుకున్నారా, బండి నంబరు ప్లేటు ఏ దేశానిది. అదే చోట వేరేవాళ్ళు తీసిన ఫొటో ఉందా. ఆ తర్వాత దాన్ని వెనక్కి వెతుకు, అంటే ఇదే ఫొటో ముందెక్కడైనా వచ్చిందా అని, గూగుల్ లెన్స్‌లో వెయ్యి, యాండెక్స్‌లో వెయ్యి. ఫొటోతోపాటు ఉండే తారీకు, కెమెరా వివరాలు వాట్సాప్‌లో తిరిగితే పోతాయి, కాబట్టి వివరాలు లేవు కనక ఫేక్ అనకు. ఏఐ టూలు ఒక్కదాని మాట వేదవాక్కు చేసుకోకు, ఇందాక కుక్కపిల్ల కథ విన్నావుగా.

ఇంకో మాట. మన దాకా వచ్చేవాటిలో ఎక్కువ భాగం నాటకాలూ కావు, ఏఐలూ కావు. నిజం ఫొటోకి అబద్ధం క్యాప్షన్. 2013లో ముజఫర్‌నగర్ గొడవలప్పుడు ఒక వీడియో తిప్పారు, ఇద్దరు కుర్రాళ్ళని జనం కొట్టి చంపుతున్నది, మనవాళ్ళనే చంపారు అని. అది 2010లో పాకిస్తాన్‌లో, సియాల్‌కోట్‌లో జరిగింది. వీడియోలో ఒక్క ఫ్రేము కూడా అబద్ధం కాదు. ఆ అబద్ధం ఎన్ని ఇళ్ళు తగలబెట్టడానికి అగ్గిపుల్ల అయిందో! 2017లో ఐక్యరాజ్యసమితిలో పాకిస్తాన్ రాయబారి ఒక అమ్మాయి ఫొటో ఎత్తి చూపించింది, మొహమంతా గాయాలు, కశ్మీర్‌లో పెల్లెట్లు తగిలిందని. అది 2014లో గాజాలో హైడీ లెవైన్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో. మొన్న 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ అప్పుడైతే వీడియో గేమ్ ముక్కల్ని విమానం కూల్చిన దృశ్యాలని పంచుకున్నారు. మా గ్రూపులో కూడా వచ్చింది. ఈసారి ఇద్దరూ ఒకే పక్షం, ఒక్కరూ ఎర్ర సున్నా చుట్టలేదు.

అమెరికాలో ఇద్దరు లా ప్రొఫెసర్లు దీనికో పేరు పెట్టారు, అబద్ధాలకోరుకి దక్కే లాభం అని. ఫేకులు ఎక్కువైన కొద్దీ, నిజంగా తప్పు చేసినవాడు నిజం ఫొటోని చూపించి "అది ఫేక్" అనెయ్యొచ్చు. దానికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. 1972లో వియత్నాంలో నాపామ్ బాంబుకి ఒళ్ళు కాలి బట్టల్లేకుండా పరిగెత్తిన పాప ఫొటో చూసి, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తన గదిలో కూర్చుని అది సెట్ చేసిందేమో అన్నాడు. ఆయన గదిలో మాటలు రికార్డు చేసిన టేపుల్లో ఉంది. ఆ పాప ఇప్పుడు కెనడాలో ఉంది, మచ్చలతో సహా.

టైమైపోయిందా? ఐదు నిమిషాలు.

ఇందాక మూడో ఫ్రేము అన్నాను. తల మీద చెయ్యి ఫొటో అయ్యాక నేను కెమెరా సర్దుకుంటుంటే ఆ రైతు లేచి, పక్కనున్న కత్తి తీసుకుని, పడిపోయిన చెట్టుకే ఉన్న గెల లోంచి బొండాం కొట్టి నాకిచ్చాడు. వద్దన్నాను, మొహమాటం. "చెట్టు పడితే మాత్రం బొండాం బొండామే కదండీ, తాగండి" అని నవ్వాడు. పళ్ళు కనిపించేలా నవ్వాడు. అలవాటు కొద్దీ నొక్కేశాను. అదీ మూడో ఫ్రేము. డెస్కుకి ఇవ్వలేదు. సర్వం పోయిన రైతు నవ్వుతున్నాడని ఎవరు వేస్తారు?

ఆ రోజుల్లో ఫోన్లుండి, ఆ మూడో ఫ్రేము ఎవరి చేతికైనా చిక్కి ఉంటే? రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, నవ్వు చుట్టూ ఎర్ర సున్నా. "నష్టపరిహారం కోసం నాటకం, చూడండి." ఆయన వెంట పడేవాళ్ళు. నా తప్పుకి ఆయన్ని నటుడు అనేవాళ్ళు. చెయ్యి పెట్టుకోమన్నది నేను, అడిగింది చేసింది ఆయన.

మా మేనల్లుడికి ఈ కథ చెప్పాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయినా మామయ్యా, ఆ వీడియోలో చర్మం మాత్రం మెరుస్తోంది" అన్నాడు.

ఆ నెగెటివులు ఇంకా ఉన్నాయి. ఇదిగో, ఈ కవర్లో. ప్రొజెక్టర్లో పడవు. చూడాలనుకున్నవాళ్ళు ఇలా కిటికీ దగ్గరికి రండి, ఒక్కొక్కళ్ళే, అంచులు పట్టుకోండి, మధ్యలో వేలు పెట్టకండి. నెగెటివు కదా, పళ్ళు నల్లగా కనిపిస్తాయి. ఎడమ నుంచి మూడోది.